చేతికి మించిన పిడి

పిస్తోలు చేతికివ్వగానే మనుషులు గొట్టం వైపు చూస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. చూడాల్సింది పిడిని. గొట్టం తూటా సంగతి చూసుకుంటుంది, పిడి మన సంగతి చూసుకోవాలి. పట్టుకోగానే అరచేతిలో సందు మిగలకూడదు, వేళ్లు వెతుక్కోకూడదు. ఈ మాట డబ్బు కట్టి పిస్తోలు కాల్చుకునే రేంజి కౌంటరు దగ్గర నిలబడి తొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఇంత తెలిసినవాణ్ని ఒకే ఒక చెయ్యి విషయంలో ఎలా గుడ్డివాణ్నయ్యానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

పిస్తోళ్లలో నాకు ప్రాణమైన కంపెనీ ఒకటుంది. పేరు రాయను. రాస్తే ఉత్తపుణ్యానికి ప్రచారం చేసినట్టవుతుంది, పైగా జరిగినదాంట్లో కంపెనీ తప్పు పిసరంత కూడా లేదు. ఫౌజులో పద్దెనిమిదేళ్లు ఆయుధాల గదిలో పనిచేశాను. ఆ గదిలో వరసగా ఉండేవి ఆ కంపెనీవే. ఇనుప ఒళ్లు, పిడికి రెండు పక్కలా చెక్క పలకలు, లావుగా, బరువుగా ఉండేవి. తుడిచి, నూనె పెట్టి, తిరిగి పెట్టేటప్పుడు కళ్లు మూసుకుని కూడా ఏది ఏ నంబరుదో చెప్పేవాణ్ని. పెన్షన్ తీసుకుని ఇక్కడికొచ్చాక, ఈ రేంజిలో అదే కంపెనీ పిస్తోళ్లు ఆరు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. మా జగిత్యాల వైపు అందరి లెక్కలో నేను దుబాయిలో ఉన్నాను. బహ్రెయిన్ అని చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను.

రేంజికి వచ్చేవాళ్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో పిచ్చి. ఒకడు ప్లాస్టిక్ పిడి తప్ప ముట్టడు, చెమటకు జారదట. ఇంకొకడు రబ్బరు తొడుగు ఇంటి నుంచి మోసుకొస్తాడు. తన కంపెనీని ఒక్క మాటంటే ఇంటి ఆడపడుచును అన్నంత రోషపడేవాడు ఒకడున్నాడు. నేనేమైనా తక్కువ తిన్నానా? ప్లాస్టిక్‌వాటిని బొమ్మలనేవాణ్ని. మా మేనేజరు బహ్రెయినీ, చెడ్డవాడు కాదు. ఆ ఆరు పాతవీ తీసేసి అన్నీ కొత్తవి తెప్పిద్దామని ఏడాదిగా అంటున్నాడు. నేను ప్రతిసారీ అడ్డం పడుతున్నాను. అవి పోతే నా గొప్ప కూడా వాటితోనే పోతుందని లోపల ఎక్కడో భయం. ఆ సంగతి అప్పట్లో ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రేంజిలో ఊడ్చి, తుడిచి, వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చే ఆమె అమలాపురం దగ్గరి మనిషి. ముప్పై దాటి ఉంటాయి. మనిషి పీలగా, చేతులు చిన్నవిగా ఉండేవి. మొదటి వారంలోనే నన్ను బాబాయ్ అనడం మొదలుపెట్టింది. మా వైపు చిన్నాయనా అంటారు, అయినా ఆ పిలుపు నాకు తియ్యగానే ఉండేది. అంతకుముందు రెండేళ్లు ఒక ఇంట్లో పనిచేసింది. ఆ ఇంట్లో ఇస్త్రీ గదిలో పడుకునేదట. ఎవరికి చొక్కా కావాలన్నా ఏ వేళనైనా తలుపు తోసుకుని వచ్చేవారట.

"ఇక్కడ నా గదికి గడియుంది బాబాయ్," అంది ఒకసారి, చాయ్ గ్లాసు నా ముందు పెడుతూ. "గడియేసుకుని పడుకుంటే ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలీదండి. మగోళ్లు కదా."

రేంజి వెనక ఉన్న ఆ చిన్న గది ఆమెకు అంత గొప్పది. అది పోయే రోజు రానే వచ్చింది. శుభ్రం చేసే పనంతా బయటి కంపెనీకి ఇచ్చేస్తున్నామని, నెలాఖరుతో ఆమె పని ఖలాస్ అని మేనేజరు చెప్పాడు. మళ్లీ ఏదో ఒక ఇంట్లో పనికి పోవడం తప్ప ఆమెకు దారి లేదు. అయితే అదే సమయంలో ఆడవాళ్లు కాల్చడానికి వచ్చే పూట కౌంటరు చూసుకునే అమ్మాయి ఉద్యోగం మానేసి వాళ్ల దేశం వెళ్లిపోతోంది. నేనే మేనేజరు వెంట పడ్డాను. "ఈమెకు నేర్పిస్తాను, ఆ పని ఇవ్వండి," అన్నాను. సరే, పరీక్ష పాసైతే ఇస్తానన్నాడు. పది మీటర్ల దూరం నుంచి పది తూటాలు కాల్చాలి, ఏడు నల్ల గుండ్రంలో పడాలి. పిస్తోలు ఏదైనా ఫరవాలేదు. మూడు వారాలు గడువు.

ఆమె నా కాళ్లకు దండం పెట్టబోయింది. వద్దని తిట్టాను. ఆ రోజంతా నేను రేంజిలో ఛాతీ విరుచుకుని తిరిగాను.

మొదటి పాఠం రోజు ఖాళీ పిస్తోళ్లు నాలుగు బల్ల మీద పెట్టాను. ఆమె చెయ్యి తనంతట తాను ఒక చిన్న ప్లాస్టిక్ దాని మీదికి వెళ్లింది. ఎత్తింది. వేలు సరిగ్గా ట్రిగ్గర్ మీదికి వచ్చి ఆగింది. నేను చూశాను.

"గది బొమ్మ బిడ్డా. పక్కకు పెట్టు," అన్నాను. "గిది పట్టుకో. గిది చేతిల ఉన్నదంటే ఇంకోటి ముట్టబుద్ధి కాదు."

నా కంపెనీది ఆమె చేతిలో పెట్టాను. దాని పిడి చుట్టూ ఆమె వేళ్లు పూర్తిగా తిరగలేదు. ట్రిగ్గర్ అందడానికి పిస్తోలును అరచేతిలో పక్కకు తిప్పుకుంది. అలా తిప్పుకుంటే పేలినప్పుడు వచ్చే దెబ్బ అరచేతి మీద కాక బొటనవేలి కీలు మీద పడుతుంది. కౌంటరు ముందుకు వచ్చిన ముక్కూ మొహం తెలియనివాడు అలా పట్టుకుంటే, వెంటనే లాక్కుని ఇంకోటి ఇచ్చేవాణ్ని.

"ఎట్లున్నది? మంచిగున్నదా?" అని అడిగాను.

"బాగానే ఉందండి బాబాయ్," అంది.

బాగాలేదని ఎలా అంటుంది? ఆ పని కోసం మేనేజరుతో కొట్లాడింది నేను. నేర్పిస్తున్నది నేను. నేను ఆకాశానికెత్తి పొగిడి ఇచ్చినదాన్ని పట్టుకుని, పెద్దమనిషి మొహం మీద నాకిది వద్దు అనే పెంపకం కాదు ఆమెది. ఈ సంగతి నాకు తెలియాలి. మా ఇంట్లో ఆడపిల్లలు నా ముందు అలాగే పెరిగారు.

తూటాలన్నీ ఎడమ పక్కకు పోయేవి. కాగితం మీద నల్ల గుండ్రం శుభ్రంగా ఉండేది, దాని ఎడమన చిల్లులు. వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కు అందితే అలాగే పోతాయి. పిల్లలకు కూడా చెప్పగలిగిన సంగతి. నేను ఆమెకు చెప్పింది మాత్రం వేరు.

"భయపడుతున్నవ్ బిడ్డా. పేలుతదని ముందే బెదురుతున్నవ్. గుండె గట్టి చేసుకో."

"భయం లేదండి."

"ఉన్నది. నాకు కనబడ్తలేదా? పద్దెనిమిదేండ్లు గిదే చూసిన."

రెండో వారానికి బొటనవేలికి బ్యాండేజీ వచ్చింది. ఏమైందంటే కత్తికి తెగిందంది. నమ్మాను. ఒక శుక్రవారం రేంజి వ్యాన్‌లో అందరం జిదాఫ్స్ మార్కెట్‌కి వెళ్లాం. ఆమె ఉల్లిపాయల సంచి ఎడమ చేత్తో మోస్తోంది. నీళ్ల సీసా కొనుక్కుని, మూత తిప్పబోయి, ఆగి, "కాస్త తీసి పెడతారా బాబాయ్," అంది. తీసి ఇచ్చాను. కత్తికి తెగిన వేలైతే మూత తియ్యలేకపోవడమేమిటని మనసులో ఒక మాట మెదిలింది. దాన్ని అక్కడే తొక్కేశాను. సిగ్గులేని పని. ఆ మాట వెంట వెళితే చివరికి నా కంపెనీ దగ్గరే ఆగాల్సి వస్తుందని నాకు తెలుసు.

పరీక్ష పెట్టడానికి ఒక విదేశీ ఆవిడ వచ్చింది. ఇంగ్లీషు తప్ప మాట్లాడదు. మా అమలాపురం మనిషికి వంటింటి అరబ్బీ వచ్చు, ఇంగ్లీషు రాదు. నాకు ఫౌజు నేర్పిన ఇంగ్లీషు కొంత ఉంది. నాలుగు పిస్తోళ్లు బల్ల మీద పెట్టి, నీకు నచ్చింది తీసుకో అన్నట్టు చెయ్యి చూపించింది ఆవిడ. మా అమలాపురం మనిషి బల్ల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను తల ఊపాను. నా కంపెనీది తీసుకుంది.

అద్దం ఇవతల మేనేజరూ నేనూ నిలబడి చూస్తున్నాం. రెండు లోపల పడ్డాయి. ఎనిమిది ఎడమకు పోయాయి. ఆఖరి తూటాకు ఆమె మొహం నొప్పితో ముడుచుకుపోవడం అద్దంలోంచి స్పష్టంగా కనిపించింది.

విదేశీ ఆవిడ లోపలికి వెళ్లి, బ్యాండేజీ విప్పించి, ఆ వేలు చూసింది. కీలు వాచి నల్లబడి ఉంది. తన అరచేతిని ఆమె అరచేతికి ఆనించి కొలుచుకుంది. ఆమెను అక్కడే ఉంచి ఇవతలికి వచ్చి మాతో ఇంగ్లీషులో అంది: మనిషి బెదరడం లేదు, చాలా నిబ్బరంగా నిలబడింది, ఈ పిడి ఆమె చేతికి పెద్దది, దీన్ని ఆమెకు ఎవరిచ్చారు?

మేనేజరు నా వైపు తిరిగాడు.

నేనే ఇచ్చాను, తప్పు నాది, చిన్నదానితో ఇంకోసారి కాల్చనివ్వండి అంటే సరిపోయేది. ఆవిడ ఒప్పుకునేదని నాకు ఇప్పటికీ నమ్మకం. ఆవిడ అడిగిన తీరే అలా ఉంది. కానీ ఏడాదిగా ఆ పిస్తోళ్ల కోసం మేనేజరుతో వాదించిన నోరు అది. "ఆమెకు అదే ఇష్టం. ఆమె కోరుకుంది. మొదటి నుంచీ కాస్త భయస్తురాలు," అన్నాను. అంత సాఫీగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు. ఆవిడ భుజాలు ఎగరేసి కాగితం మీద ఏదో రాసుకుంది. మేనేజరు ఖలాస్ అన్నాడు.

ఆమె పేలుడు చప్పుడుకు చెవుల మీద పెట్టుకున్న డొప్పలు తీసుకుంటూ బయటికి వచ్చింది.

"ఏమన్నారు బాబాయ్ ఆవిడ?"

"జర ధైర్యం తక్కువున్నదట బిడ్డా," అన్నాను.

"మీరు మొదట్లోనే చెప్పారు కదండీ," అంది. "నాకే చేతకాలేదు. మీరెంత కష్టపడ్డారో." నవ్వడానికి ప్రయత్నించింది. నెలాఖరుకు పెట్టె సర్దుకుని ఒక ఇంటికి పనికి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు నాకు చాయ్ పెట్టి ఇచ్చి మరీ వెళ్లింది.

ఆ తర్వాత నాలుగు నెలలు నా కంపెనీది పట్టుకుంటే అరచేతికి ఎక్కేది కాదు. కౌంటరు దగ్గర ఎవరైనా సలహా అడిగితే, అన్నీ పట్టుకుని చూడండి, మీ చెయ్యి మీకు చెబుతుంది అనేవాణ్ని. మంచి మాటే. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు, అంతే. ఫోను చేద్దామని రెండుసార్లు నంబరు తీశాను. ఏమని చెప్పాలో తోచక పెట్టేశాను. పిరికితనం ఎవరిదో అప్పుడు బాగా తెలిసొచ్చింది.

ఒక ఆదివారం పొద్దున జిదాఫ్స్‌లో కూరగాయల దగ్గర ఆమె కనిపించింది. ఇక్కడ ఆదివారం పనిరోజు, నాది మధ్యాహ్నం డ్యూటీ. ఆమె చేతుల్లో రెండు సంచులున్నాయి. బాగా చిక్కిపోయింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"ఎట్లున్నవ్ బిడ్డా?" అన్నాను.

"బాగానే ఉన్నానండి బాబాయ్." సంచులు సర్దుకుంది. "నిద్రే సరిగా పట్టట్లేదండి. గదికి గడియ లేదు. మేడం తమ్ముడొకాయన వస్తా పోతా ఉంటాడు. వచ్చినప్పుడల్లా తలుపు తోసి చూస్తాడండి. ఏమీ అనడు, చూసి పోతాడు. నేను ట్రంకు పెట్టె అడ్డం పెట్టుకుంటున్నాను. మేడంతో చెబుదామనుకున్నాను గానీ, ఏమీ చెయ్యని మనిషి మీద ఏమని చెబుతాం? నాకే ధైర్యం తక్కువ కదా బాబాయ్, మీరే అన్నారుగా. పిరికిదానికి గాలికి తలుపు కదిలినా భయమేననుకుని ఊరుకుంటున్నాను."

 ఏరుకున్న టమాటాలు తిరిగి పెట్టెలో పడేశాను.

"బిడ్డా, పరీక్ష దినం ఆ విదేశీ ఆమె నిన్ను భయస్తురాలనలేదు," అన్నాను. "నిబ్బరంగ నిలబడ్డవన్నది. పిడి నీ చేతికి పెద్దదన్నది, ఎవరిచ్చిన్రని అడిగింది. నేనిచ్చినని చెప్పలేదు. నువ్వే కోరుకున్నవని చెప్పిన. నీకు ధైర్యం లేదన్న మాట నాది, ఆమెది కాదు. అబద్ధం చెప్పిన. నాది తప్పు."

ఆమె నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. అంతసేపు ఆమె నా కళ్లలోకి ఎన్నడూ చూడలేదు. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏదో ఒకటి చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"అయితే నాకు వేస్తున్న భయం వట్టిది కాదన్నమాట," అంది చివరికి. నాతో అన్న మాట కాదు అది.

సంచులు రెండూ కూరగాయలవాడి బల్ల పక్కన కింద పెట్టింది. ఫోను తీసి చూసుకుంది. ఎవరికీ చెయ్యలేదు.

"సీఫ్‌లో మన ఎంబసీ ఉందంటారు కదండీ, పనివాళ్ల గోడు వింటారట. ఇక్కణ్ణుంచి ఏ బస్సెక్కాలి?"

"నేనొస్త బిడ్డా. టాక్సీల తీస్కపోత," అన్నాను.

"వద్దులెండి. నేను వెళ్తాను. బస్సు నంబరు చెప్పండి చాలు," అంది. "ఈసారన్నా సరిగ్గా చెప్పండి."