బొట్టు పెట్టిన తూటాలు

మా ఇంట్లో రివాల్వర్ ఉందని ఒకసారి నోరు జారాను. అప్పటి నుంచి హిందూపురంలో నాతో పనిచేసే గుమాస్తాలు నన్ను చూసే చూపే మారిపోయింది. ఏదో పెద్ద ఫ్యాక్షన్ ఇంటి ఆడపిల్ల అనుకున్నారు. అంత సీను లేదు మహానుభావులారా అని చెప్పినా నమ్మలేదు. ఆ రివాల్వర్ మా తాత కొన్నది. లైసెన్సు ఆయన తర్వాత నాయన పేరుకు మారింది. వేరుశనక్కాయలు తవ్వే పందులు కూడా దానికి భయపడేవి కావు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని పెనుకొండ స్టేషన్‌లో అప్పగించి, అయిపోయాక సంతకం పెట్టి తెచ్చుకోవడం ఒక చాకిరీ.

అది మొదట తూటాలు పెట్టే తుపాకి కాదు. తిరిగే సిలిండర్‌లోని ఒక్కో గుంతలో మందు పోసి, సీసపు గుండు దిగగొట్టి, వెనక చిన్న రాగి టోపీ తొడిగితే పేలేదట. తాతకంటే ముందే ఎవరో వెనక భాగం కోసి, తూటాలు పట్టేట్టు మార్చారు. మార్చింది వెనక భాగమే. ఇనుము మాత్రం ఆ పాతదే.

దానికి సరిపడే తూటాలు ధర్మవరంలో ఒకే అంగట్లో దొరికేవి. పొగ బాగా వచ్చే పాతరకం మందుతో చేసినవి. తొంభైల చివర్లో ఒక ఏడాది ఆ అంగడాయన, పాతవి ఇక రావని చెప్పి, అదే కొలతలో కొత్తవి ఒక పెట్టె ఇచ్చాడు. నాయన ఒకటి పెట్టి చూశాడు. దూరింది. దూరితే చాలు, మా నాయనకు అది సరిపోయినట్టే. చెప్పుల దగ్గర కూడా ఆయన లెక్క అదే.

నాకు అనుమానం వచ్చి, పెనుకొండలో తుపాకులు బాగుచేసే ముసలి సాయిబు దగ్గరికి నాయనను లాక్కుపోయాను. సాయిబు రెండు రకాలూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకున్నాడు. రంగూ పొడుగూ ఒకటే. అడుగున చెక్కిన అక్షరాల్లో మాత్రం, కొత్తవాటికి చివర ఒకటి ఎక్కువ ఉంది. కొత్తవాటిలో మందు బలం జాస్తి అన్నాడు.

"దూరేదానికి దూరతాదమ్మా. తట్టుకోవల్ల గదా. ఇది ముసలి ఇనుము. పగిలిందంటే చెయ్యి మిగలదు" అన్నాడు.

నాయన బస్సెక్కాడు. కొత్తవాటిని వాపసు ఇస్తానన్నాడు గాని, ధర్మవరం పోయే పని ఆయనకు ఎప్పుడూ రేపే. నాకు ఒళ్లు మండి, ఆ పెట్టె మీద స్కెచ్ పెన్నుతో 'వద్దు' అని ఇంత పెద్ద అక్షరాలతో రాశాను. ఈ ఇంట్లో బాధ్యత తెలిసింది నాకొక్కదానికే అని ఆ పూట అందరికీ వినబడేట్టు అన్నాను కూడా.

ఆ మాట దేవుడు విన్నట్టున్నాడు. దసరా వచ్చింది.

ఆయుధ పూజ నాడు కొడవళ్లు, పారలు, మోటారు స్పానర్లు అన్నీ బయటికి రావాలి. తాత పోయినప్పటి నుంచి అవ్వ పూజ దగ్గరికి రాదు. వంటింటి గడప అవతల కూర్చుంటుంది. ఆజ్ఞలు మాత్రం ఆడనుంచే. పెట్టెలో ఉండేది పూజకు రాదు, తూటాలు కూడా బయట పెట్టండి అంది. నేను స్నానం చేసి, ఆకలితో, చిరాకుతో ఉన్నాను. రెండు పెట్టెలూ తెచ్చి ఒకే ఇత్తడి తట్టలో బోర్లించాను. ఒక్కో తూటా అడుగున తడి గంధం, దాని మీద కుంకుమ పెట్టాను. అక్షరాలన్నీ చక్కగా కప్పుకుపోయాయి.

మా వీధిలో ఒక అలవాటు ఉంది. నాయన చేను గట్టులోకి ఒక గుండు పేల్చాకే అందరూ తమ ట్రాక్టర్ల ముందర గుమ్మడికాయ కొడతారు. తాత నాటి నుంచీ అంతే. హారతి అయింది. బయట జనం ఎదురుచూస్తున్నారు. నాయన తట్టలోంచి ఒక తూటా తీసి సిలిండర్‌లో పెట్టాడు.

అప్పుడు నా కళ్లు గోడ పక్కన పడేసిన ఖాళీ పెట్టె మీద పడ్డాయి. 'వద్దు' అని నా చేతిరాత. నా వేలితో నా కన్నే పొడుచుకున్నానని అర్థమైంది.

"నాయనా, ఆగు. రెండూ కలిపేసినా" అన్నాను.

ఆయన తూటాను బయటికి తీసి తిప్పి చూశాడు. ఎర్రటి బొట్టు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. జనం కాచుకొని ఉండారని, ఏదైతే అది అవుతుందని గొణిగాడు. నేను తట్ట లాక్కుని, బొట్లు తుడిచి అక్షరాలు చూద్దామని కొంగు పట్టుకున్నాను. అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టేసింది.

"పండగపూట, మీ నాయన చేతిలో పట్టుకునేదానికి, నా కండ్ల ముందర బొట్టు తుడుస్తావా?"

అమ్మ మొహం చూసి నా చెయ్యి కదలలేదు. నాకు అట్లాంటి నమ్మకాలు లేవని అంతవరకూ అనుకునేదాన్ని. తుడవకుండా పేలిస్తే చెయ్యి పోతుందేమో. తుడిస్తే అమ్మకు జీవితాంతం దిగులు. నాయన మళ్లీ తూటా పెట్టబోయాడు.

గడప అవతల నుంచి అవ్వ లేచింది. అన్నేళ్లలో మొదటిసారి పూజ చేసిన చోటికి వచ్చి, నా చేతిలోని తట్ట తీసుకుంది.

"నా బొట్టు ఎప్పుడో పాయ. నేను తుడిస్తే ఇంగ పోయేదేముండాది? ఈడ కూసో, నువ్వు చదువు."

ఎండిన గంధం అంత సులభంగా రాలేదు. అవ్వ ముందు నాయన చేతిలోదానికి, తర్వాత తట్టలోని ఒక్కో తూటాకూ తడి వేలు రాసి, కొంగుతో తుడిచి నాకిచ్చింది. నేను వెలుతురుకు పెట్టి చదివాను. అంతకుముందు నాయన సిలిండర్‌లో పెట్టింది కొత్తదే. ఆ సంగతి చెప్పినప్పుడు అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

నాయన పాతది ఒకటి పెట్టుకుని చేనికి పోయాడు. చప్పుడు వినిపించింది, గట్టు మీద తెల్లటి పొగ లేచింది. వీధిలో గుమ్మడికాయలు పగిలాయి. ఆయన తిరిగొచ్చి, ఎవరూ అడగకుండానే కుడిచెయ్యి చాపి అమ్మకు చూపించాడు. మరుసటి వారమే కొత్త తూటాలు ధర్మవరం పోయాయి.

అవ్వ మళ్లీ గడప అవతలికి పోయి కూర్చుంది. రెండు చేతుల వేళ్లూ ఎర్రగా ఉన్నాయి. నేను చెంబుతో నీళ్లు తీసుకుపోయి, చేతులు చాపమన్నాను. అవ్వ చాపలేదు. వేళ్లను ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ ఉంది.

"ఉండనీలే, కొంచేపు" అంది.