చాచీ పక్కన ఖాళీ జాగా

మా పక్కింటి చాచా పోయిన శుక్రవారం తెల్లవారుజామున కన్నుమూశారు. కబురు తెచ్చిన ఆయన కొడుకు నా వాకిట్లో నిలబడి, "అన్నా, జర ఖబరస్తాన్ దాకా రా. జాగ కాడ పరేషాన్ అయితాంది" అన్నాడు. అదేమిటో అడగకుండానే చెప్పులు వేసుకున్నాను.

షామీర్‌పేట దగ్గర మా ఊరిని ఆనుకొని పోయే రహదారిని విస్తరించబోతున్నారని మీరు చదివే ఉంటారు. కొలతలకు వచ్చినవారు పాతిన ఎర్రరాళ్ల వరుస ఖబరస్తాన్ లోపలికి వచ్చింది. చాచా భార్య, మా చాచీ సమాధి ఆ హద్దుకు ఇవతల ఉంది. ఆమె పక్కన మిగిలిన ఒక్క ఖాళీ మాత్రం అవతల, రోడ్డులో కలిసిపోయే భాగంలో ఉంది.

చాచా ఆకుకూరలు పండించేవారు. కొత్తిమీర కట్టలపై తడి గోనెసంచి కప్పి, ఆటోలో పట్నం మార్కెట్‌కు తీసుకువెళ్లేవారు. బండ్లు నిలిచిపోయిన చోటల్లా దిగి నీళ్లు చల్లేవారు. "మనం ఆగుతం గానీ కొత్తిమీర ఆగది బేటా" అనేవారు. తిరిగి వచ్చేటప్పుడు, బడి మానేసిన నా కోసం పాత దినపత్రికలు తెచ్చేవారు. "సదువు, నాకు గూడ సెప్పు" అని అరుగు మీద కూర్చునేవారు. నాకు చదువబ్బింది ఆ అరుగు మీదే.

చాచీ గుండెనొప్పితో ఆ దారిలోనే పోయారు. బండ్ల మధ్య ఇరుక్కున్న అంబులెన్సు ముందుకు కదలలేదు. ఆ తరువాతే చాచా పెద్ద రోడ్డు కావాలని గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టారు.

నేను నా అలవాటు కొద్దీ ఆ రోడ్డు వల్ల లాభనష్టాలు రాసుకున్నాను. ఆస్పత్రికి త్వరగా చేరతాం, కూరలు వాడిపోవు. కానీ కొందరి మడులు పోతాయి. బడి పిల్లలు అంత పెద్ద రోడ్డును ఎక్కడ దాటాలో ఎవరూ చెప్పలేదు. టీ హోటల్లో చదివి వినిపిస్తే చాచా శ్రద్ధగా విన్నారు.

"రెండు దిక్కుల మస్తు రాసినవ్. మరి నువ్వేమంటవ్?"

టీ చల్లారిపోతోందన్నాను.

"చాచా, రోడ్డొస్తె చాచీ పక్కన నీ జాగ గూడ వాయె!" అని హోటలాయన ఎగతాళి చేశాడు.

"పోనీ తియ్. ఎంత హారన్ కొట్టినా నేన్ లేస్తనా ఏంది?"

అందరం నవ్వాం. ఇంటికి వచ్చే దారిలో మాత్రం ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "రోడ్డు రావాలె బేటా. నేను ఆమె పక్కనే ఉండాలె. రెండూ అయితయా?" అక్కడ గుంత ఉంది, చూసి నడవమన్నాను.

శుక్రవారం నాడు తవ్వేవాళ్లు పారలు పట్టుకొని ఎదురుచూస్తున్నారు. వెనుక గోడవారన మరో చోటు ఉంది. అక్కడికి రోడ్డు రాదు. కొడుకు నా ముఖం చూశాడు.

"ఆమె పక్కన పెడితె రేపు మళ్ల తవ్వుతరేమో. గోడ కాడ పెడితె మా అబ్బా మనసు ఒప్పుతదా? నువ్వే సెప్పన్నా, జల్దీ. జుమ్మా నమాజ్ టైమైతాంది."

తీర్పు చెప్పే ధైర్యం లేక, దారిలో చాచా నన్నడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పాను. అతను తవ్వేవాళ్ల వైపు తిరిగాడు.

"రోడ్డు మన చేతుల లేదు. గిదొక్కటి ఉంది" అని చాచీ పక్కనే తవ్వమన్నాడు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే, రోడ్డు కావాలనే చెబుతున్నాను. హద్దును కొంచెం అటు జరపమని కూడా అడుగుతున్నాను. జరుపుతారో లేదో తెలియదు. కొలతల బండి ఊళ్లోకి వచ్చిందంటే చాలు, చేతిలోని పని ఆగిపోతోంది.

ఆ రోజు మట్టి కప్పాక కొడుకు బిందెతో నీళ్లు పోశాడు. నీరు కొత్తమట్టి మీదుగా మెల్లగా జారి, హద్దు దాటి, చాచీ వైపున్న ఎండుమట్టిని అంచువెంట తడిపింది.