మా అత్త బొంత, నా టేపు

ఇద్దరు కాళ్లు చాపుకుని పడుకునే బొంతను, పిల్లి కూడా ముడుచుకునే పడుకోవలసినంత చిన్నదిగా చేసిన ఘనత నాది. మంత్రం లేదు, తంత్రం లేదు. ఒక కత్తెర, ఒక టేపు, రెండింటినీ మించిన నా తెలివి. మూడు రోజుల్లో పని పూర్తి. నవ్వడానికి మొహమాటపడకండి, నా పరువు ఎప్పుడో పోయింది.

అరవైల మొదట్లో సంగతి. హోసూరులో ఆరు నెలలు కుట్టు నేర్చుకుని, కెలమంగలం దగ్గరి ఒక పల్లెకు కోడలినై వచ్చాను. పట్టుపురుగులు పెంచే ఇల్లు. పిచ్చి కుదిరింది, టేపు మెడకు చుట్టండి అన్నట్టు, వంటింట్లో కూడా టేపు నా మెడలోనే ఉండేది. సంగటి ముద్ద చుట్టుకొలత ఎన్ని అంగుళాలో ఆ ఊళ్లో నాకొక్కదానికే తెలుసు.

ఆడబిడ్డ మునిరత్న తొలి కాన్పుకు ఆదివారం వస్తుందని కబురు వచ్చింది. అత్త పాత చీరల ముక్కలు అతికి కుట్టిన బొంత పైగుడ్డను నా ముందు పరిచి, దాని మీద చుట్టగా చుట్టిన ఎర్ర పట్టు అంచు పెట్టింది.

"నా పెండ్లి చీరది. చీర పోయినా అంచు మిగిలింది. నా బిడ్డా, దాని బిడ్డా ఈ బొంతలో పండుకోవాల. నాలుగు పక్కలా వేసి కుట్టు సరోజమ్మా. మూరేసి చూసినాను, సరిపోతాది. ఇట్లాంటిది ఇంకొకటి లేదు."

"మూరేమిటత్తా! మీ మూర వేరు, నా మూర వేరు. టేపుకు అబద్ధం తెలీదు."

"టేపుకు తెలీదులేమ్మా, గుడ్డకు తెలుసు. పక్కలు లాగితే సాగుతాయి. నడుమ పెట్టి కొలువు," అని అత్త పురుగులకు ఆకు వేయడానికి పోయింది.

నడుమ కొలవాలట! అంచు వేసేది పక్కలకైతే నడుమతో పనేమిటి? పక్కనే కొలిచాను. ఎడమపక్క తొంభై అంగుళాలు, కుడిపక్క ఎనభై ఏడు. పెద్దదాన్నే నమ్మి అంచు కత్తిరించి కుట్టాను. పరిచి చూస్తే పావడా కుచ్చిళ్లలా అలలు అలలుగా లేచింది. విప్పేశాను. తప్పు నాది కాదు, బొంత వంకరగా ఉంది, ఎడమపక్క కాస్త కోస్తే సరి అనుకున్నాను. కోశాను. ఇప్పుడు కుడిపక్క పొడుగైంది. అదీ కోశాను. మూల వంగింది. మూల సరిచేస్తే తలవైపు ఏటవాలైంది. బొంతకు లేని తొందర కత్తెరకెందుకో, పట్టుపురుగు ఆకును అంచు నుంచి తిన్నట్టు తింటూనే పోయింది. బొంత తగ్గినప్పుడల్లా పట్టు అంచు ఎక్కువై, దాన్నీ తుంచాను.

రెండో రోజు మా ఆయన భోజనానికి వచ్చి గడపలోనే ఆగిపోయారు.

"ఏమే, నిన్న ఇది గోడ దాకా ఉండె కదా?"

"నిన్న మీరు సరిగా చూడలేదు."

"ఈ పొద్దు సరిగానే చూస్తా ఉండాను. గోడ యాడుంది, బొంత యాడుంది?"

"గోడ జరిగిందేమో!" అన్నాను. పాపం, ఆయన నిజంగానే గోడవైపు చూశారు.

అత్త మాత్రం వచ్చి చూసి, "అయిందా అమ్మా?" అనేది. "ఇంకొక్క అంగుళమే అత్తా" అనేదాన్ని. కింద పడ్డ ముక్కలన్నీ ఏరుకుని తీసుకుపోయేది. చెత్తలో వేస్తోందనుకుని లోపల్లోపల సంతోషించాను. సాక్ష్యం మాయమవుతోంది కదా!

ఆదివారం మునిరత్న బస్సు దిగి, ఆయాసపడుతూ వచ్చి కూర్చుంది.

"సరోజమ్మా, బొంత తే," అంది అత్త.

మందంగా కనిపించాలని నాలుగు మడతలు పెట్టి తెచ్చాను. మునిరత్న ఒక మడత విప్పింది, రెండోది విప్పింది, మూడోదానికి వెతుక్కుంది.

"వదినా, ఇది నాకా, కడుపులో ఉండేదానికా?"

"కడుపులో ఉండేదానికే."

"మరి దాన్ని మోసేదానికి?"

నవ్వాలనుకున్నాను, ఏడుపు వచ్చింది. మెడలో టేపు ఉరితాడులా బిగుసుకుంది. "మీ పెండ్లి చీర అంచు పాడు చేసినాను అత్తా," అన్నాను.

అత్త లేచి, పురుగుల తట్టల కింద నుంచి ఒక మూట తెచ్చి పరిచింది. బొంత! నేను కోసిన ముక్కలన్నీ ఒకదానికొకటి అతికి ఉన్నాయి. తుంచిన ఎర్ర అంచు తలవైపూ కాళ్లవైపూ మెరుస్తోంది. నాలుగు మూలలూ నేలకు అతుక్కుని పడుకున్నాయి. మునిరత్న దాని మీద హాయిగా ఒరిగి కాళ్లు చాపింది.

"పక్కలకు అంచు చాలలేదు," అంది అత్త. "అది నువ్వు మింగినావు."

నేను వదలలేదు. టేపు తీసి, ఈసారి నడుమ పెట్టి కొలిచాను. ఆ చివర, ఈ చివర కూడా కొలిచాను. మూడుచోట్లా ఒకటే లెక్క. చెత్తతో కుట్టిన బొంత నా బొంతకన్నా రెండు మూరలు పెద్దది!

"దీన్ని దేంతో కొలిచినారత్తా?"

అత్త మోచెయ్యి చాపి చూపించింది.

నా బొంతను పిల్లికి వేశాను. అది చుట్టూ తిరిగి, వాసన చూసి, ముడుచుకుని, తోక పట్టడం లేదని లేచిపోయింది. ఆ క్షణమే సూర్యుడి సాక్షిగా శపథం చేశాను: ఈ జన్మలో మళ్లీ ఏ బొంతనూ సరిచేయను. ఒట్టు! టేపు మీద కాదు, మా అత్త మూర మీద.