కెజియా ఓడ మీద ఒక పగలు

నా భార్య సువార్త చివరి రోజు మామూలుగానే మొదలైంది. డయాలసిస్ లేని రోజు. ఉదయం టీ సగం తాగి, కాగితం మిల్లు క్వార్టర్ వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీసింది. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని పడుకుంది. సాయంత్రం టీకి లేపడానికి వెళ్తే లేవలేదు. మా ఒక్కగానొక్క కూతురు కెజియా నేవీలో అగ్నివీర్. ఆ రోజు ఆమె ఓడ వేరే దేశాల ఓడలతో కలిసి చేసే విన్యాసాల్లో, నడి సముద్రంలో ఉంది. కబురు ఓడకు అందింది గాని, ఆమె సారపాక చేరేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది. కొద్ది రోజులుండి వెళ్లిపోయింది.

అది జరిగి ఆరు నెలలు దాటింది. ఓడ సిబ్బంది కుటుంబాలను అప్పుడప్పుడు ఒక పగలు సముద్రం మీదికి తీసుకెళ్లి అక్కడి రోజువారీ పనులు చూపిస్తారు. ఈసారి కెజియా నా పేరు ఇచ్చింది. ఆ సంగతి తెలిసి తల్లాడ నుంచి మరదలు కరుణ ఫోన్ చేసింది. “చూసొచ్చుడు కాదు బావా, పిల్లను తోల్కరా. గిట్ల ఒక్కడివి ఎన్నాళ్లుంటవ్?” అంది. ఇంట్లో చూసుకునేవాళ్లు లేరని విన్నవించుకుంటే, పైవాళ్లు ఒప్పుకుంటే, ఉద్యోగం మధ్యలో వదిలి రావచ్చట. కెజియాను అడిగాను. “నువ్వొచ్చి మా ఆఫీసర్ మేడమ్‌తోని మాట్లాడితే అర్జీ ముందుకు పోతది నాన్నా. నీ ఇష్టం” అంది. తన ఇష్టం చెప్పలేదు. బిడ్డను వెనక్కి అడగాలనే అనుకుని బయల్దేరాను.

సారపాకలో ఆటో ఎక్కి గోదావరి వంతెన దాటితే భద్రాచలం బస్టాండ్. విశాఖకు నేరుగా బస్సులున్నాయి గాని అవి రాత్రివి. నేను పగలు వెళ్లాలనుకుని చింతూరు, మారేడుమిల్లి మీదుగా రాజమండ్రి వెళ్లే పొద్దుటి బస్సు ఎక్కాను. ఆరు గంటలు పడుతుంది. టికెట్ నాలుగు వందల లోపే. చింతూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. చీకటి పడితే అటు వాహనాలను వదలని రోజులుంటాయి, కాబట్టి ఉదయం బస్సే మేలు. అడవి పచ్చగా ఉంది. నేను ఎక్కువ సేపు కళ్లు మూసుకునే ఉన్నాను.

కండక్టర్ ఖాళీ దొరికి పక్క సీట్లో కూర్చున్నాడు. “ఏడికి సార్, అన్నవరమా?”

“విశాఖ. బిడ్డ నేవీల ఉంది.”

“ఆడపిల్లనా? సముద్రంల ఏం పని ఉంటది?”

“నాకూ తెల్వదు. చూద్దామని పోతున్న.”

“మనకు గోదారి జర పొంగితేనే కాళ్లు వణుకుతయ్ సార్. పిల్ల గట్టిదే” అని లేచి వెళ్లాడు.

మారేడుమిల్లిలో భోజనానికి ఆపారు. రోడ్డు పక్క పొయ్యిల మీద వెదురు బొంగుల్లో కోడి కూర కాలుతోంది. వండే ఆవిడ ఒక బొంగు నా ముందు పెట్టబోయింది. వద్దన్నాను. కాగితం మిల్లులో పనిచేస్తానని, వెదురును చూస్తే డ్యూటీలో ఉన్నట్టుంటుందని చెప్పాను. “మీరు దాన్ని కాగితం చేసుకోండి, మేం కూర చేసుకుంటాం. ఎవరికి ఆకలి తీరుద్దో చూద్దాం” అని నవ్వి, మామూలు భోజనం వడ్డించింది. పప్పు బాగుంది. నూట ఇరవై తీసుకుంది. రాజమండ్రిలో మధ్యాహ్నం రైలు ఎక్కితే రాత్రి భోజనాల వేళకు విశాఖ. స్టేషన్ దగ్గర ఎనిమిది వందలకు గది దొరికింది.

మర్నాడు ఉదయం ఆరున్నరకు నౌకా స్థావరం గేటు దగ్గర ఉన్నాను. ఆధార్ చూసి, ఫోన్ తీసుకుని, బస్సులో జెట్టీకి తీసుకెళ్లారు. కెజియా తెల్ల యూనిఫాంలో ఓడెక్కే నిచ్చెన దగ్గర నిలబడి ఉంది. బక్కచిక్కి ఉంటుందనుకున్నాను. లేదు. “షూ వేసుకొచ్చినవా? మంచిగైంది. చెప్పులైతే గేటు కాడనే కూసోబెడతరు” అంది. అంతకన్నా మాట్లాడే వీల్లేదు, డ్యూటీలో ఉంది.

తాళ్లు విప్పి, కొండ పక్కనుంచి ఓడ బయటికి వచ్చింది. గంట తర్వాత ఒడ్డు కనిపించలేదు. ఇంకో ఓడ దగ్గరికి వచ్చింది. రెండూ పక్కపక్కనే, ఒకే వేగంతో, మధ్యలో తాడు కట్టుకుని నడిచాయి. ఆ తాడు మీదుగా సంచులు అటూ ఇటూ పంపుకున్నారు. హెలికాప్టర్ వచ్చి వెనుక భాగంలో దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ముందు భాగం నుంచి మధ్యకు జరిగి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత మైకులో కేక వినిపించింది. మనిషి నీళ్లలో పడితే ఎలా వెతుకుతారో చూపించే అభ్యాసం అది. నారింజ రంగు బట్టలు తొడిగిన బొమ్మను సముద్రంలోకి విసిరారు. పై అంతస్తులో కమ్మీ దగ్గర నిలబడ్డ కెజియా చేయి చాచి దాన్ని చూపించింది. ఓడ వంగి, పెద్ద మలుపు తిరిగింది. బల్ల మీది టీ కప్పులు జారిపోయాయి. ఆమె చేయి బొమ్మ వైపే తిరుగుతూ ఉంది. ఎందుకలా అని పక్కనున్న నావికుణ్ణి అడిగాను. “నీళ్లలో తల కొబ్బరికాయంత కూడా కనిపించదు సార్. చూసినవాళ్లు కళ్లు తిప్పితే మళ్లీ దొరకదు. బయటికి తీసేదాకా ఆమెకు అదే పని” అన్నాడు.

శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక తండ్రి నా పక్కకు జరిగాడు. “మీ అమ్మాయేనేటండీ? చెయ్యి నొప్పెట్టదా?”

“ఇంట్లో బట్టలు ఆరేయమంటేనే నొప్పి పుట్టేది” అన్నాను. ఆయన నవ్వాడు. బొమ్మను పైకి లాగారు. అప్పుడు చేయి దించింది.

భోజనం డెక్ మీదే పెట్టారు. కెజియా ప్లేటు తెచ్చుకుని నా పక్కన నేల మీద కూర్చుంది. రోజూ ఏం చేస్తారని అడిగాను.

“తుప్పు గీకుడు, రంగు ఏసుడు, తుడుసుడు. వాచ్‌ల కాపలాకు నిలబడుడు. పండుడు. మళ్ల తుప్పు.”

“ఇంట్ల చీపురు పట్టనిదానివి.”

“ఈడ జీతమిస్తరు నాన్నా.”

వచ్చే వారం మళ్లీ విదేశీ ఓడలతో విన్యాసాలున్నాయని చెప్పింది. మాట అర్థం కాకపోతే ఏం చేస్తారని అడిగాను. “వాళ్ల ఇంగ్లిష్ మాకు తెల్వదు, మా ఇంగ్లిష్ వాళ్లకు తెల్వదు. జెండాలెత్తితే అందరికీ తెలుస్తది” అంది. తర్వాత ప్లేటు పక్కన పెట్టింది. “మేడమ్ వస్తది ఇప్పుడు. నువ్వు మాట్లాడతవని చెప్పిన.”

“నీ మనసుల ఏముంది?”

“ఇంటికొస్తే అమ్మ ఉండదు. వరండాల ఉండదు, వంటింట్ల ఉండదు. ఈడ అమ్మ మొదాలే లేదు. అందుకే ఈడ నిద్ర పడతది.” ఆగి, “నువ్వు రమ్మంటే మాత్రం వస్త. మొకం మాడ్చుకొని రాను, మంచిగనే వస్త” అంది.

నాకు అలాంటి చోటు లేదు. మిల్లు గేటు, చర్చి, సంత, వంతెన, ఎక్కడికి వెళ్లినా సువార్తతో కలిసి వెళ్లిన చోటే. బిడ్డకు ఒక చోటు దొరికింది. ఆమె ఇంట్లో ఉంటే నాకు ఆసరా. ఆ సంగతీ నిజమే.

ఆఫీసర్ వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నమస్కారం పెట్టి, నేను ఏదో మాట్లాడాలనుకుంటున్నానని విన్నానంది ఇంగ్లిషులో. కెజియా లేచి నిటారుగా నిలబడింది. నా వైపు చూడలేదు.

“అమ్మాయి సరిగా తింటోందా అని” అన్నాను.

ఆఫీసర్ నవ్వింది. “ఈ ఓడలో ఆమెకంటే ఎక్కువ తినేవాళ్లు లేరు” అని, ఇంకేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను. ఆమె వేరే కుటుంబం వైపు వెళ్లింది.

“ఇది అడగనీకి సారపాక నుంచి వచ్చినవా?” అంది కెజియా.

“అవ్.”

ఆమె నా ఖాళీ ప్లేటు కూడా తీసుకుని వెళ్లింది. కళ్లు తుడుచుకుందేమో, వెనక నుంచి తెలియలేదు. సాయంత్రం జెట్టీకి చేరాక తాళ్లు కట్టే పనిలో ఉంది. దూరం నుంచే తలాడించింది.

మనసు తేలికైందని రాయలేను. అలసట అలాగే ఉంది. సారపాక ఇంటి తాళం తీసేది ఇకముందు కూడా నేనే. అడిగి ఉంటే ఆమె మంచిగానే వచ్చేది, ఆ మాట నమ్మాను. నమ్మాను కాబట్టే అడగలేకపోయాను. మీ పిల్లల ఓడ చూడటానికి వెళ్లేవారికి ఒక్క మాట: ఓడ ముందు భాగంలో దృశ్యం బాగుంటుందని అక్కడికి పోకండి, మధ్యలో నిలబడండి. అక్కడ ఊపు తక్కువ, కడుపు నిలుస్తుంది.

విశాఖ గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. రేపు ఉదయం రైలెక్కే ముందు కరుణకు ఫోన్ చేస్తాను. పిల్ల రానన్నదని ఆమె అనుకోకూడదు. అడగనిది నేనేనని చెబుతాను.