బుగ్గ పేరు అడిగే మనిషి

ఆ ఉదయం ఏం చెయ్యాలో అన్సొవీనో ముందే అనుకుని వచ్చాడా, లేక మాంసం చేతికందాకే ఆ ఆలోచన పుట్టిందా? ఇన్నేళ్లయినా తేలలేదు. అతన్ని ఎరిగినవాళ్లు తలా ఒక మాట చెబుతారు. అతను మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అతని పని పందులు కోయడం. నోర్చా పట్నానికి పైనున్న కొండల్లో పుట్టాడు. అక్కడ తండ్రి కత్తి కొడుకు చేతికి రావడం మామూలే. చలి ముదరగానే కత్తుల మూట భుజాన వేసుకుని లోయల్లోకి దిగేవాడు. మంచు కరిగే వేళకి మళ్లీ కొండెక్కేవాడు. అలా నలభై చలికాలాలు. పెళ్లి చేసుకోలేదు. పొడుగ్గా, కాస్త వంగి నడిచేవాడు. అతని చేతులు ఎప్పుడు చూసినా శుభ్రంగా ఉండేవి.

పంది ఎక్కడైనా పందే. పేర్లే మారతాయి. దవడ మీది కొవ్వు బుగ్గని ఉప్పులో ఊరేసి, మిరియాలు పట్టించి, పొగ తగిలే చోట మూడు నెలలు వేలాడదీస్తే ఏడాది పొడుగునా ఇంటి వంటకి అదే రుచి. చిన్న ముక్క వేస్తే చాలు, శనగల పులుసైనా లేచి కూర్చుంటుంది. రోము వాళ్లు దాన్ని గ్వాంచాలే అంటారు. టస్కనీలో గోట. ఫ్లోరెన్సు వాళ్ల నోట్లో ఆ ట కూడా నిలవదు, సగం ఊపిరైపోతుంది. నేరా నది ఒడ్డున బర్బొత్స. అందులోనూ ఎగువ పల్లెలు నడిమి అక్షరాన్ని సాగదీస్తే, దిగువ పల్లెలు చివరి అక్షరాన్ని మింగేస్తాయి. అన్సొవీనో ఏ గడప తొక్కితే ఆ గడప పలుకే పలికేవాడు. పేరుతో పాటు చేతివాటమూ మారేది. ఒకచోట వెల్లుల్లి నూరేవాడు, ఒకచోట ద్రాక్షసారాతో కడిగేవాడు, ఒకచోట ఉప్పూ మిరియాలూ తప్ప ఇంకేం తగలనిచ్చేవాడు కాదు.

కొల్లెఫోస్కో అనే ఎగువ పల్లెలో మాత్రం ఒక ఆచారం ఉండేది. పందిని కోసిన మర్నాడు, ముక్కలు తీసేటప్పుడు, కోతగాడు మొదటి బుగ్గని రెండు చేతులా ఎత్తి ఇంటి ఆడమనిషి వైపు తిరుగుతాడు. "అమ్మా, ఈ ఇంట్లో దీన్నేమంటారు?" అని అడుగుతాడు. పేరు తెలియనివాళ్లు ఎవరూ ఉండరు. అయినా అడగాలి. ఆమె చెబుతుంది. ఆమె పలికినట్టే అతను పలుకుతాడు. అప్పుడామె తొలి గుప్పెడు ఉప్పు వేస్తుంది. ఎవర్ని అడిగితే ఆ ఏడాది ఆ ఇల్లు ఆమెది. వంటింటి తాళం చెవి, పిండి గది, పొయ్యి, అన్నీ ఆమె చేతిలో. అత్త చేతి నుంచి కోడలి చేతికి పెత్తనం వెళ్లేది ఆ ఒక్క ప్రశ్నతోనే.

యుద్ధం ముగిసి పన్నెండేళ్లయింది. ఆ జనవరిలో అన్సొవీనో ఆ పల్లెలో దొమితిల్లా అనే ముసలామె ఇంటికి వచ్చాడు. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఆమెనే అడిగాడు. లోయలో ఉన్నన్ని రోజులూ అతను పడుకునేది కూడా ఆమె ఇంటి అటక మీదే. ఆ శరదృతువులో ఆమె మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ ఆ చేతిలో చెంచా కూడా నిలవడం లేదు. కొడుకు నజ్జరేనో మాటకారి కాడు. కోడలు సవేరియాది దక్షిణాన కలాబ్రియా. అతను సైన్యంలో ఉండగా అక్కడ చూసి చేసుకున్నాడు. వచ్చి నాలుగేళ్లయినా ఉప్పు డబ్బా కూడా అత్తని అడిగే తియ్యాలి.

కోత రోజు సాయంత్రం సవేరియా వేడినీళ్ల బిందె అతని ముందు దించి, అక్కడే నిలబడింది.

"బాబాయ్, ఈ పందికి ఏడాదిగా కుడితి పోసిందెవరు?"

"నువ్వే కదమ్మా."

"జబ్బు చేస్తే రాత్రంతా కూచున్నదెవరు?"

"నువ్వే అని ఊరంతా అంటోంది."

"అయితే రేపు నన్నడుగు."

అన్సొవీనో నీళ్లలో చేతులు ముంచి కడుక్కోసాగాడు.

"ఆమె మంచిదే బాబాయ్, కాదనను. కానీ నాలుగేళ్లు చుట్టంలా ఉన్నాను. ఇంకో ఏడాది ఉండలేను" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం వాకిట్లో బల్ల వేశారు. దొమితిల్లా కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. నల్ల శాలువా కప్పుకుంది. అది పండగలకి తీసే శాలువా. సవేరియా ఉప్పు పళ్లెంతో బల్ల పక్కన నిలబడింది. పేగులు కడగడానికి వచ్చిన పక్కింటి జెల్త్రూద చేతిలో పని ఆపేసింది.

"ఏం వదినా, ఈసారి ఎడం చేత్తో వేస్తావా ఉప్పు?"

"నోటితో వేస్తాను, నీకెందుకే? పేగులు చూసుకో" అంది దొమితిల్లా.

అన్సొవీనో ఎడమ బుగ్గ కోసి ఎత్తాడు. ఒక్క క్షణం ఎటూ తిరగలేదు. తర్వాత కుర్చీ వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ ఇంట్లో దీన్నేమంటారు?"

"బర్బొత్స" అంది ముసలామె, నడిమి అక్షరం మీద నిలబడి.

"బర్బొత్స" అన్నాడతను. ఆమె ఎడమ చేత్తో ఉప్పు వేసింది. సవేరియా ఒక అడుగు వెనక్కి వేసింది. పళ్లెం బల్ల మీద పెట్టబోయింది. అప్పటికే అతను కుడి బుగ్గ కూడా కోసి ఎత్తాడు. ఈసారి ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు దీన్నేమంటావు?"

రెండో బుగ్గకి అడగడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. సవేరియా అత్తని చూసింది, మొగుణ్ణి చూసింది.

"వుక్కులారు" అంది.

"వుక్కులారు" అన్నాడు అన్సొవీనో, దక్షిణాది వాళ్లలా చివర ఉకారాన్ని దించి. ఆమె ఉప్పు వేసింది. తర్వాత లోపలికి వెళ్లి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఎండుమిరప కారం తెచ్చి దాని మీద దట్టంగా అద్దింది. అది ఎర్రగా మెరిసింది.

ముందు మాట్లాడింది జెల్త్రూదే.

"ఓరి దేవుడా, రెండు పేర్లు! ఇక పిండి కూడా పంచుకోండి. వేరు పడ్డ ఇంటికైతే కోతగాణ్ణి రెండుసార్లు పిలుస్తారు గానీ, ఒకే పందికి ఇద్దరు ఇల్లాళ్లేంటి?"

"ఊరుకో అత్తా" అన్నాడు నజ్జరేనో.

"నేనూరుకుంటే ఊరు ఊరుకుంటుందా? రాత్రికల్లా దిగువ గ్రామం దాకా తెలిసిపోతుంది. మీ ఇంట్లో రెండు పొయ్యిలని."

అన్సొవీనో అప్పుడు తలెత్తాడు. తను చేసిన పనికి ఈ ఊళ్లో వచ్చే అర్థం అతనికి అప్పుడే తట్టినట్టుంది. ఇద్దరికీ నొప్పి కలగకుండా చూడాలనుకున్నాడేమో. ఉప్పు పడ్డాక మాట వెనక్కి తీసుకునే వీల్లేదు.

దొమితిల్లా గొంతు పెంచలేదు. "ఇరవై రెండేళ్లు నా అటక మీద నీకు పక్క వేశానయ్యా అన్సొవీనో. నన్ను దింపెయ్యాలనుకుంటే దింపెయ్యాల్సింది. నా ఇల్లు చీల్చావు."

అతను సవేరియా వైపు చూశాడు. ఆమె అయినా సంతోషిస్తుందనుకున్నాడు కాబోలు.

"నేనడిగింది ఇల్లు బాబాయ్" అందామె, కారం అంటిన వేళ్లు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంటూ. "బుగ్గ కాదు."

అతను మిగిలిన పని ఆపలేదు. తొడలు తీశాడు, కొవ్వు విడదీశాడు, సాసేజి మాంసం తరిగి కుండలోకి వేశాడు. ఎప్పటిలాగే చక్కగా చేశాడు. మధ్యాహ్నానికి వాకిలి కడిగేసి ఉంది. లోపల భోజనాల బల్ల మీద నజ్జరేనో అయిదు పళ్లేలు పెట్టాడు. ఆడవాళ్లిద్దరూ వంటింట్లోనే ఉన్నారు. చెరో వైపు పని చేసుకుంటున్నారు. జెల్త్రూద రొట్టె కోస్తోంది.

"అన్సొవీనోని పిలువు, పులుసు చల్లారుతోంది" అంది దొమితిల్లా, ఎవరితోనో చెప్పాలి కాబట్టి అన్నట్టు.

నజ్జరేనో వాకిట్లోకి వచ్చాడు. బల్ల తుడిచి గోడకి ఆనించి ఉంది. అటక ఎక్కి చూస్తే పక్క చుట్టి మూలన పెట్టి ఉంది. కిటికీలోంచి కనిపించే రోడ్డు మలుపు దగ్గర, కత్తుల మూట భుజాన వేసుకుని వంగి నడిచే మనిషి ఒకడు కిందికి దిగుతున్నాడు. నజ్జరేనో పిలవబోయి, పిలవలేదు.