గరిక వద్దన్నాను

మాది కోవూరు. వరి పండించే ఇల్లు. చేను గురించి నాకొకరు చెప్పాల్సిన పని లేదనే పొగరు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ పొగరే నా భార్య ప్రాణంగా పెంచుకున్న కుక్కను చంపింది. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టే ఓపిక నాకు లేదు.

సూళ్లూరుపేటలో ఇల్లు కట్టుకున్నాక ముందువైపు కాస్త ఇసుక నేల మిగిలింది. మాకు రెండు కుక్కలు. పెద్దది పిల్లగా ఉన్నప్పుడు రైల్వే స్టేషన్ బయట వానలో వణుకుతుంటే నా భార్య కొంగులో చుట్టి తెచ్చింది. దానికి తోడుగా చిన్నది తర్వాత వచ్చింది. రెండూ పొద్దస్తమానం ప్రహరీ వెంబడి ఒకటే పరుగులు. ఇసుకంతా ఇంట్లోకే. ముందర గడ్డి వేయిద్దామని ఆమే అంది.

నర్సరీ ఆయన వచ్చి నేల చూశాడు. బోరు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"ఉప్పగా ఉండాయి సార్. కుక్కలు కూడా ఉండాయి గదా, గరిక జాతి వేసుకోండి. తొక్కినా, గీరినా మళ్లీ తొందరగా అల్లుకుంటాది. కొరియన్ గడ్డి చూసేదానికి బాగుంటాది గానీ, ఒకసారి లేచిపోయిందంటే పట్టేదానికి నెలలు పడతాది."

నాకు ఒళ్లు మండింది. మా నాయన బతుకంతా గట్ల మీద గరికను పారతో తవ్వి, వేళ్లు ఎండకు పెట్టి చంపినాడు. నా అరచేతుల్లో కాయలు కూడా దాని చలవే. దాన్ని ఇప్పుడు నీళ్లు పోసి సాకాలా?

"గరికను పెంచడం మా ఇంటా వంటా లేదయ్యా" అన్నాను. కొరియన్ గడ్డే పరిపించాను.

రెండు నెలలు తిరక్కముందే ప్రహరీ వెంబడి గడ్డి లేచిపోయి బాట పడింది. సరే, కుక్కలన్నాక తప్పదనుకున్నాను. ఆ తర్వాత నడి మధ్యలో మచ్చలు మొదలయ్యాయి. పళ్లెమంత గుండ్రంగా మాడిపోయి, చుట్టూ మాత్రం పచ్చగా. వరికి సుడిదోమ పురుగు పట్టినా ఇట్లాగే గుండ్రంగా ఎండుతుంది. నాలుగు రోజులు ఏమరితే మడికి మడే పోతుంది.

"ఆ నర్సరీ ఆయన్ని ఒక మాట అడగరాదా?" అంది నా భార్య.

"చేను సంగతి నాకు తెలుసులే" అన్నాను.

మర్నాడే కోవూరు పోయి, మా తమ్ముడి కొట్టంలో మిగిలిన, దోమకు చల్లే గుళికల మందు తెచ్చాను. వరికి చల్లినట్టే చల్లాను. కుక్కల్ని ఒకరోజు కట్టేయించి, బాగా తడి పెట్టాను. వరి మడిలో నీళ్లు నిలబడతాయి, మందు బురదలో కలిసిపోతుంది. ఇక్కడిది ఇసుక. నీళ్లు తాగేసి గుళికల్ని పైనే వదిలింది. అది నాకు తోచలేదు.

రెండో రోజు వదిలాం. పెద్దది తిన్నగా ఆ మచ్చల దగ్గర తన మామూలు చోటికే పోయి గీరుకుంది, పాదాలు నాక్కుంది. సాయంత్రానికి నోట్లో నురగ, కాళ్లు వణుకు. ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే నా భార్య ఒళ్లోనే పోయింది.

డాక్టరు దాని నోరు చూసి, "ఏం చల్లినారు?" అన్నాడు. చెప్పాను. ఎందుకు చల్లానో కూడా చెప్పాను, గుండ్రటి మచ్చల గురించి.

"అది పురుగు కాదండీ. కుక్క మూత్రం పోసిన చోట గడ్డి అట్నే మాడతాది. పోసిన వెంటనే చెంబెడు నీళ్లు కుమ్మరిస్తే సరిపోయేది."

నా భార్య విన్నది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కొరియన్ గడ్డిని ఇసుకతో సహా జానెడు లోతు తీయించి, దూరంగా గొయ్యి తవ్వించి పూడ్పించాను. కొత్త మట్టి తోలించాను. నర్సరీ ఆయన గరిక కణుపులు తెచ్చిచ్చాడు, చెప్పాను గదా అనలేదు. కూలీలను పెట్టకుండా నేనే వంగి, నారు నాటినట్టు వరసగా నాటాను. నడుము విరిగినంత పనైంది. విరగనీ అనుకున్నాను.

ఆయన చెప్పినట్టే అల్లుకుంది. ఎన్ని పరుగులకైనా తట్టుకునే గడ్డి. కానీ పరుగులే లేవు. చిన్నది ఒంటరిగా గేటు దగ్గర పడుకుంటుంది, పొద్దున ఒకసారి గడ్డి మీదికి వచ్చి పోసుకుని వెళ్లిపోతుంది. ప్రహరీ వెంబడి బాట కూడా పడలేదు. అంత పచ్చగా ఉన్నదాన్ని చూడాలంటే నాకు ఏడుపొస్తుంది.

రోజూ చెంబుతో నీళ్లు తీసుకుని చిన్నదాని వెనకే పోతాను. అది పోసిన చోట కుమ్మరించి వస్తాను. నా భార్య అంతకుముందు లేవగానే నాతో ఎన్నో మాట్లాడేది. ఇప్పుడు వంటింట్లోంచి ఒక్కటే అడుగుతుంది.

"పోసినారా?"

"పోసినా" అంటాను.