వాగు అవతలి గుడిసె

కర్నూలు రాజధానిగా ఉండి, ఆఫీసులు డేరాల్లో నడిచిన రోజులవి. నేను టీకాలు వేసే ఉద్యోగంలో ఉన్నాను. శివరాత్రికి జనం శ్రీశైలానికి నడిచి పోతారు కాబట్టి, మశూచి అడవిలోకి పాకకముందే నల్లమల చెంచులకు టీకాలు పూర్తి చేయాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఎలా చేయాలో కూడా డేరాలో కూర్చునే రాసేశారు. గూడెం మొత్తాన్ని ఫారెస్టు బంగళాకు రప్పించి, వరసలో నిలబెట్టి, ఒక్క పూటలో ముగించాలి.

నాకు అసలే అనుమానం ఎక్కువ. పెళ్లి భోజనంలో కూడా నెయ్యి వాసన చూసి గానీ వడ్డించనిచ్చేవాణ్ణి కాదు. దానికి తోడు ఫారెస్టు గార్డు దారి పొడుగునా నూరిపోశాడు.

"వీళ్లను నమ్మితే అయిపోతావు సార్. సూదంటే శానా భయం. మనుషుల్ని దాచేస్తారు."

గూడేనికి పోయి చూస్తే నిజంగానే లెక్కలో ఒక కుటుంబం తక్కువైంది. వాగు అవతల కొత్తగా వేసిన గుడిసె ఒకటి కనిపించింది. నేను దానివైపు చూడగానే గూడెం పెద్ద, బాగా ముసలాయన, ఎదురొచ్చాడు.

"దాయలేదు సామీ."

నేనింకా అడగనే లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉందనుకున్నాను.

"వాడు డోన్‌లో కూలికి పోయొచ్చినాడు. జొరం ఉండాది. బయటినుంచి జొరంతో వస్తే మేము వాగు దాటనీయం. ఆ బండ మీద కూడు పెట్టి వస్తాం, వాళ్లే తీసుకుంటారు. జొరం పోయి నెల మారినాకే గూడెంలోకి రానిస్తాం."

"సూది తప్పించుకునేకి మంచి కతే చెప్తాండావప్పా!" అన్నాను.

"సూది వద్దనలేదు సామీ. అందరం వస్తాం. వాణ్ణి మాత్రం మాతో కలపొద్దు. నా మనవరాలికి పసిబిడ్డ ఉండాది. నువ్వే ఆడికి పోయి వాళ్లకు వెయ్యి."

వాగులో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. పోయి టీకాలు వేసి రావడానికి అరగంట పట్టేది కాదు. కానీ ఇంత సులువుగా ఒప్పుకుంటున్నాడంటే లోపల ఏదో మతలబు ఉందని నా బుర్ర చెప్పింది. ఒకరిని వదిలితే రేపు ప్రతి కుటుంబమూ ఒక వాగు చూపిస్తుంది. గార్డును పంపి ఆ కుటుంబాన్ని పిలిపించాను.

బంగళా వరండాలో మధ్యాహ్నం దాకా అందరూ ఒకచోటే కూర్చున్నారు. జ్వరం మనిషి స్తంభానికి ఆనుకుని దగ్గుతున్నాడు. మామూలు చలిజ్వరం అయి ఉంటుందని తేల్చేశాను. కొంచెం ఇవతల మనవరాలు, ఆమె ఒళ్లో బిడ్డ. ముసలాయన లేచి వచ్చి జ్వరం మనిషికీ వాళ్లకీ మధ్య అడ్డంగా కూర్చున్నాడు. అది కూడా నాకు నాటకంగానే కనిపించింది. బిడ్డకు మూడు నెలలు నిండలేదు. అంత పసివాళ్లకు టీకా వద్దని మాకు చెప్పి ఉన్నందున వేయలేదు.

మూడోనాడు జ్వరం మనిషికి పొక్కులు లేచాయి. రెండు వారాలకు బిడ్డకు లేచాయి. టీకా పడిన మిగతావాళ్లంతా తప్పించుకున్నారు. బిడ్డ చనిపోయింది.

కబురు తెలిసి పోయాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ముసలాయన ఒక్క మాట అడిగాడు.

"మా మీద నీకు నమ్మకం లేకపాయ, సరే. ఆ జొరం మీదన్నా నీకు అనుమానం రాలేదా సామీ?"

ప్రతిదాన్నీ అనుమానించిన నేను అదొక్కటే అనుమానించలేదు.

రిపోర్టులో కారణం రాయాల్సిన చోట "టీకాకు నిరాకరణ" అని రాశాను. ఉద్యోగం పోతుందని భయం. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాశాను.

మరుసటి ఏటి ఏర్పాట్లు ఆ రిపోర్టును ముందు పెట్టుకునే తయారుచేశారు. చెంచులు మొండివాళ్లు, గూడేలకు గార్డులను ఇంకా ఎక్కువ మందిని పంపాలన్నారు. వాళ్లను ఒక్క మాట అడిగి చూద్దామని ఎవరూ అనలేదు. అడిగితే వాళ్లేం చెబుతారో తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. నేను తలాడించి సంతకం పెట్టాను.